ఆరున్నొకటి

పోయిన వారం బాపట్లలో, అక్కవాళ్ల ఇంటికి దగ్గరలో ఉన్న నరాల డాక్టరు మా నాన్నను ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమన్నాడు. చెయ్యి వణకడం, నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోవడం, అన్నం తిన్నాక కూడా కంచం ముందు అలాగే కూర్చుండిపోవడం చూసి భయపడి, తెనాలి నుంచి రైల్లో నేనే తీసుకువెళ్లాను. నాన్న గొంతు సవరించుకుని "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టి, ఆరు తర్వాత "ఆరున్నొకటి" అని ఎనిమిదిలోకి వెళ్లారు. ఆ కుర్ర డాక్టరు కలం ఆపి నా వైపు చూశాడు.

మన వయసువాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. నాన్న రేపల్లెలో బియ్యం మిల్లులో ధాన్యం కొలిచేవారు. రాశిలో కుంచం ముంచి గోతంలో పోస్తూ ఆయన పాడినట్టు లెక్కపెడుతుంటే వినడానికే నేను బడి నుంచి నేరుగా అక్కడికి పోయేవాణ్ణి. తర్వాత తెనాలి కొట్లలో లెక్కలు చూసి బతికిన విద్య అంతా ఆ రాశి పక్కన అబ్బిందే. మొదటి కుంచం ఒకటి కాదు, లాభం. ఏడు అంటే ఏడుపు వినిపిస్తుంది గనుక ధాన్యం దగ్గర ఆ మాట రాకూడదు. ఒకసారి వడ్ల బండి తోలుకొచ్చిన మా మేనమామ తొందరపడి తనే ముందుగా "ఏడు" అనేస్తే, నాన్న గోతం కుమ్మరించి మళ్లీ లాభం దగ్గర మొదలుపెట్టారు.

"ఏంటి బావా, నా మాటకి వడ్లు ఏడుస్తాయా?"

"వడ్లెందుకేడుస్తాయి? ఇంటికెళ్లాక నువ్వేడుస్తావ్."

హమాలీలతో పాటు మావయ్య కూడా పగలబడి నవ్వాడు.

ఇదంతా చెబితే డాక్టరూ నవ్వాడు. "అయితే అది మరుపు కాదండి, తాతగారికి ఫుల్ మార్కులే. స్కాన్ రిపోర్టు సోమవారం వస్తుంది, అది చూడందే ఏమీ చెప్పలేను" అన్నాడు. తిరుగు రైల్లో మరుపు కాదన్న ఆ మొదటి మాటనే పట్టుకుని కూర్చున్నాను.

నిన్న పొద్దున, తోచక కూర్చున్న నాన్నకు మా ఆవిడ బియ్యం కొలిచి డబ్బాలో పోసే పని అప్పజెప్పింది. వరండాలో గడ్డం గీసుకుంటూ వింటున్నాను. లాభం, రెండు, మూడు. అదే రాగం. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఎక్కడా తడబడలేదు. నా చెయ్యే ఆగిపోయింది. సబ్బు నురగతోనే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంట్రా అలా చూస్తావ్, లెక్క తప్పానా?"

"లేదు నాన్నా. సరిగ్గానే పెట్టావు."

అప్పటినుంచి ఆ ఏడును ఎవరి దగ్గరికీ తీసుకుపోలేకపోతున్నాను. మా ఆవిడతో అంటే వయసు మీద పడిందిగా అంటుంది. అక్కతో అంటే అక్కడ ఏడుపు మొదలవుతుంది. డాక్టరుకు ఫోన్ చేసి, మా నాన్న లెక్క సరిగ్గా పెట్టారండి, అందుకే భయంగా ఉందండి అని ఏ నోటితో చెప్పను? ఆయన ముందు మామూలుగా మసలుతూ సోమవారం కోసం చూడటం తప్ప నాకు దారి లేదు. అది రాకుండా ఉంటే బాగుండుననీ ఉంది.

ఇప్పుడు మిల్లుల్లో ధాన్యం కాటా మీదికి ఎక్కుతుంది, ఎర్రటి అంకెలు వెలుగుతాయి, ఎవరూ పైకి లెక్కపెట్టరు. ఏడు అంటే ఉలిక్కిపడేవాళ్లు లేరు. మా ఇంట్లో నిన్నటిదాకా ఇద్దరం ఉండేవాళ్లం.