లేదన్న మాట తేటగా చెప్పిన గుమాస్తా సాబు

మొన్న శుక్రవారం పొద్దున కర్నూలు నుంచి కోడుమూరుకు వచ్చిన బొగ్గుతో నడిచే బస్సు డ్రైవరు దిగీ దిగకముందే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "గుమాస్తా సాబు పోయినాడప్పా. జుమ్మా నమాజు కాంగానే తీస్తారంట," అన్నాడు. ఉన్న ఒక్క కాలికి చెప్పు తొడుక్కుని, కర్ర అందుకుని, కర్నూలుకు తిరిగిపోయే అదే బస్సెక్కాను.

ఆయన కర్నూలు కచేరీలో సిపాయిల పింఛను కాగితాలు చూసే గుమాస్తా. వెనకటి యుద్ధంలో బస్రా దగ్గర నా ఎడమ కాలు పోయింది. పింఛనుకు అర్జీ పెట్టిన చాన్నాళ్లకు ఎర్ర ముద్రతో ఒక ఇంగ్లీషు కాగితం వచ్చింది. మా ఊళ్లో అది చదవగలిగినవాడు లేడు. సర్కారు ముద్ర పడిందంటే మంజూరైనట్టే అనుకున్నాం. ఆదివారం దాన్ని మా ఏసు గుడిలో బల్ల మీద పెట్టి, సంఘమంతా కృతజ్ఞతా ప్రార్థన చేసింది. పింఛను ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుందామని, నెల గడిచాక తీరిగ్గా కచేరీకి పోయాను.

సాబు కాగితం చదివి నన్ను కూర్చోమన్నాడు. "పింఛను లేదని రాసినారప్పా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. సంఘమంతా మోకాళ్లూనిన కాగితమని కేకలేశాను. ఆయన నా గొంతు ఆరిపోయాక నీళ్ల చెంబు ముందుకు జరిపాడు.

"ఎందుకు లేదన్నారో ఇను. పటాలంలో నువ్వు ఇంట్లో పిలిచే పేరు చెప్పినావు. అర్జీలో బాప్తిస్మం పేరు రాపించినావు. కాలు పోయినోడు ఒకడు, అడిగేటోడు ఇంకొకడు అనుకున్నారు. రెండు పేర్లూ నీవేనని పాదిరితో రాపించుకోని రా. గడువు ఇంకా పదైదు దినాలు ఉండాది. ఇప్పుడు నేను చెప్పిందంతా నువ్వు నాకు చెప్పు."

రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి సరిగ్గా చెప్పాకే కాగితం చేతికిచ్చాడు. ఎవరు వచ్చినా ఆయన పద్ధతి అదే. తక్కిన గుమాస్తాలు "పైకి రాసినాం, పోయిరాప్పా" అని సాగనంపేవారు. మీరూ అట్ల చెప్పరేమని తరువాత ఒకసారి సాబును అడిగితే, "అట్ల చెప్తే ఆశ పెట్టుకోని తిరుగుతానే ఉంటాడు. గడువు దాటిపోతాది. లేదనేది ముందు చెప్పాల, దారి ఆ ఎనకనే చెప్పాల," అన్నాడు.

పాదిరి చీటీతో గడువులోగా మళ్లీ అర్జీ పెట్టాక, మద్రాసు నుంచి దొరలు విచారణకు వచ్చారు. ఎందుకు కాదన్నారో తెలుసా అని దుబాసీతో అడిగించారు. తెలుసన్నాను. రెండు పేర్ల సంగతి, పాదిరి చీటీ, బస్రా ఆసుపత్రి, అన్నీ వరసగా నా నోటితో నేనే చెప్పాను. నా జన్మలో ఎవరి ముందూ అంత తలెత్తుకుని మాట్లాడలేదు. గెలిచాను. కర్ర మీద గెంతుకుంటూ సాబు దగ్గరికి పోయాను.

"ఏమన్నారో నువ్వే చెప్పు," అన్నాడు.

"ఇస్తామన్నారు సాబూ."

"మల్లా చెప్పు."

మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి కచేరీ అంతా నవ్వుతోంది. చదివేవారికి ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ దినం నాకు కాలు తిరిగొచ్చినంత సంతోషం కలిగింది.

మొన్న మసీదు బయట నాలాంటివాళ్లు చాలామంది కలిశారు. చెయ్యి లేనివాళ్లు, కాలు లేనివాళ్లు, చూపు పోయి కొడుకు భుజం పట్టుకుని వచ్చినవాళ్లు. అందరం ఒకప్పుడు లేదనిపించుకుని, తరువాత పింఛను సాధించుకున్నవాళ్లమే. జనాజాను, అంటే పాడెను, వేగంగా తీసుకుపోవడం ముసల్మానుల ఆచారం. మేం అందుకోలేక వెనకబడ్డాం. ఆయన పెద్దకొడుకు తిరిగి చూసి, మోసేవాళ్లతో, "నిలబడండి. వాళ్లు రావాల," అన్నాడు.

ఎండలో, బజారు నడిమధ్య, నలుగురి భుజాల మీద సాబు మా కోసం ఆగాడు. మేం కర్రలు టకటకలాడించుకుంటూ ఆయన్ను చేరుకున్నాం.