గీకేసిన పాట

నా చిన్నప్పుడు మా కొల్లేటికోటలో ఏ పాట ఎప్పుడు పాడాలో, ఎప్పుడు పాడకూడదో ఒక కట్టుబాటు ఉండేది. నాట్ల పాట చేలోనే పాడాలి. జోలపాట ఉయ్యాల్లో పిల్ల ఉంటేనే పాడాలి. ఇక చావు ఏడుపు సంగతి వేరే. మా ఆడవాళ్ళు రాగం కట్టి ఏడుస్తారు. పోయినవాళ్ళ మాటా, నడకా, వాడుకున్న వస్తువులూ అన్నీ అందులోకి వస్తాయి. ఎవరి ఏడుపు వాళ్ళే కట్టుకోవాలి, ఒకరిది ఇంకొకరు ఎత్తుకోకూడదు. పది రోజులు ఏడ్చి, పదకొండో రోజు పొద్దున్నే కొల్లేటి నీళ్ళు నోట్లోకి తీసుకుని, పుక్కిలించి ఉమ్మేస్తారు. దాంతో ఆ పాట అయిపోయినట్టే. తర్వాత ఎవరైనా మళ్ళీ దాన్ని ఎత్తుకుంటే, దారిన పోతున్న ప్రాణం ఆగిపోయి వెనక్కి తిరిగి చూస్తుందని చెప్పేవారు.

ఇదంతా నాకు తెలుసు. పదేళ్ళ పిల్లనే, అయినా తెలుసు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి.

మా ఇంటికీ పక్కింటి అక్క ఇంటికీ మధ్య ఒక తాటాకు దడి, అంతే. మాకు చుట్టం కాదు. కానీ మా అమ్మ పోయాక నాకు తలకి నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది ఆవిడే. ఆ యేడు వానాకాలంలో అక్క మూడేళ్ళ కొడుకు జ్వరంతో పోయాడు. పది రోజులు దడికి అవతల ఆవిడ ఏడుస్తుంటే ఇవతల నేను పడుకుని వినేదాన్ని. వాడి మొలతాడు గజ్జె, వాళ్ళ నాన్న వాడి కోసం చెక్కిచ్చిన జానెడు తెడ్డు, వాడు నత్తిగా పలికే మాటలు, అన్నీ ఉన్నాయి ఆ ఏడుపులో. ఎవరూ నేర్పకుండానే నాకు మొత్తం వచ్చేసింది.

ఆ తర్వాత కార్తీకంలో మేష్టారు వచ్చారు. తాడేపల్లిగూడెం వైపు మనిషి, చెన్నపట్నంలో కాలేజీలో పనిచేసేవారు. ఏలూరు నుంచి పడవలో ఒక పెట్టె తెచ్చుకుని దిగారు. దానికి తూటిపువ్వులా విచ్చుకున్న బూర. లోపల మైనంతో చేసిన గొట్టం. పెట్టెకి కీ ఇచ్చి బూరలోకి పాడితే, గొట్టం మీద సన్నని గీత పడేది. మళ్ళీ తిప్పితే ఆ గొంతే బయటికొచ్చేది. పల్లెల్లో మనుషులు ఏం పాడతారో, పనిచేసేటప్పుడు ఏ చప్పుళ్ళు చేస్తారో పట్టుకెళ్ళి, విని, పరిశీలించి పుస్తకం రాస్తారట. మా మగవాళ్ళు దోనె అంచు మీద కర్రతో కొట్టి చేపల్ని వలలోకి తోలతారు కదా, ఆ చప్పుడుకి కూడా ఒక గొట్టం ఖర్చుపెట్టారు.

“చెన్నపట్నం చేపలకి వినిపిస్తారా ఏంటండీ?” అని మావాళ్ళు ఒకటే నవ్వు.

మా అమ్మమ్మ అయితే బూర ముందు కూర్చుని కూడా బేరమాడింది. “ఏవండీ మేష్టారూ, నా గొంతు అందులో పడిపోతే మళ్ళీ నాకేమైనా మిగులుద్దాండీ?”

“అద్దంలో చూసుకుంటే మొహం అరిగిపోద్దాండీ? ఇదీ అంతేనండి,” అన్నారాయన.

“మా ఇంట్లో అద్దం లేదు గదండీ, నాకేం తెలుసు,” అని, పెంటపాడు తిరనాళ్ళకెళ్ళినప్పుడు నేర్చుకున్న పాట గొంతెత్తి పాడింది.

పాడిన ప్రతివాళ్ళనీ ఆయన మూడు సంగతులు అడిగి పుస్తకంలో రాసుకునేవారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు పాడతారు, ఎప్పుడు పాడరు. పాట కంటే ఈ మూడే తనకి ముఖ్యమనేవారు. అవి లేకపోతే గొట్టంలో ఉన్నది ఉత్త చప్పుడేనట.

అందరి గొంతులూ బూరలోంచి వస్తున్నాయి, నాది తప్ప. రెండో రోజు నేనూ వెళ్ళి ఒప్పులకుప్ప పాట అందుకున్నాను. ఆయన నవ్వుతూ, “ఇది మండవల్లిలో దొరికిందమ్మా, గొట్టాలు తక్కువున్నాయి,” అన్నారు. అంతే. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. మండవల్లిలో దొరకనిది, ఎవరి దగ్గరా లేనిది ఇవ్వాలనిపించింది. అది నా దగ్గర ఉంది.

అమ్మమ్మ చేపలు ఎండబెట్టడానికి వెళ్ళింది. అక్క కొల్లేటి మీదకి వెళ్ళింది. నాకింకో పాట వచ్చన్నాను. రెండు ముక్కలు వినగానే ఆయన కళ్ళు మెరిశాయి, కొత్త గొట్టం తీశారు. పాడాను. వాడి పేరు వచ్చే చోట మాత్రం పేరు తీసేసి ‘చిన్ని కిట్టయ్య’ అన్నాను. తెలియనిదాన్నయితే మారుస్తానా?

“ఎవరు నేర్పారమ్మా?”

“మా అమ్మమ్మండీ.”

“ఎప్పుడు పాడతారు?”

“కిట్టయ్యకి పూజ చేసుకున్నప్పుడండీ.”

“ఎప్పుడు పాడరు?”

“ఆయ్, ఎప్పుడైనా పాడొచ్చండీ.”

ఆయన రాసుకున్నారు. నేను నోటికొచ్చినట్టు చెప్పిన ప్రతి ముక్కా తలూపుతూ రాసుకున్నారు.

మధ్యాహ్నం అందరూ చేరాక గొట్టాలు వరసగా వినిపించారు. నాది ఎత్తుకోగానే, దీపావళి చిచ్చుబుడ్డి చూసినట్టు పిల్లలు కేకలు పెట్టారు. సన్నటి గొంతు బూరలో ఇంకా సన్నగా, ముక్కుతో పాడినట్టు వచ్చింది. “పిల్లికూన మ్యావుమంటున్నట్టుందే!” అని ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అది కూడా రాస్తున్నాను, నేనూ నవ్వాను.

మా అమ్మమ్మ ఒక్కత్తే నవ్వలేదు. మనుషుల వెనకనున్న దారి వైపు చూస్తోంది. అక్క చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అక్కడ నిలబడి ఉంది. తట్టలోంచి నీళ్ళు మొహమ్మీదికి కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు. బూరలో ‘చిన్ని కిట్టయ్య’ అని వచ్చిన చోట అక్క పెదవులు కదిలాయి. అసలు పేరు పలికాయి.

ఒక్కొక్కరూ వెనక్కి తిరిగి చూసి నోరు మూసుకున్నారు. పెట్టె మాత్రం పాడుతూనే ఉంది. మేష్టారు కంగారుగా దాన్ని ఆపారు. అమ్మమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది.

అక్క తట్ట దింపి దగ్గరికొచ్చింది. అరవలేదు. “ఏవండీ, ఇది ఎన్నిసార్లు పాడుద్దండీ?” అని అడిగింది.

“గొట్టం అరిగేదాకా పాడుతుందమ్మా. ఒక వందసార్లు పాడొచ్చు.”

“అయితే నా కొడుకు వందసార్లు వెనక్కి తిరిగి చూడాలాండీ?”

మేష్టారు చేతులు జోడించి, “తప్పయిపోయిందమ్మా. ఇది మీది. ఏం చెయ్యమంటే అది చేస్తాను,” అన్నారు. ఇలాంటి ఏడుపు కోసమే ఆయన నాలుగు ఊళ్ళు తిరిగారనీ, ఎక్కడా ఎవరూ పాడలేదనీ అమ్మమ్మ తర్వాత చెప్పింది.

అక్క తీసెయ్యమంది. మైనాన్ని గీకే చిన్న కత్తి ఆ పెట్టెకే ఉంది. గొట్టం తిప్పుతూ ఆయన ఆ కత్తి ఆనించారు. మైనం సన్నటి పోగులుగా లేచి రాలింది. అక్క కొంగు పట్టి ఒక్క పోగు కింద పడకుండా తీసుకుంది. రేవులోకి మోకాలి లోతు దిగి నీళ్ళలో వదిలింది. అవి మునగలేదు, తేలుతూ చాలాసేపు రేవు దగ్గరే తిరిగాయి. అవి కనబడకుండా పోయేదాకా ఆవిడ నీళ్ళలోనే నిలబడింది.

అమ్మమ్మ నన్ను జడ పట్టుకుని రేవుకి ఈడ్చుకెళ్ళి, అందరి ముందూ పుక్కిలించి ఉమ్మించింది. ఒకసారి కాదు, దవడలు నొప్పెట్టేదాకా.

సాయంత్రం మేష్టారు నన్ను పిలిచి పుస్తకం తెరిచారు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్పినవి ఆయనే చదివి వినిపించారు. అమ్మమ్మ నేర్పింది, పూజకి పాడతారు, ఎప్పుడైనా పాడొచ్చు. నా అబద్ధాలు ఆయన గొంతులో ఎంత మర్యాదగా ఉన్నాయో!

“నేను నమ్మాను కాబట్టి రాశాను. ఇది చదివినవాళ్ళు వందేళ్ళయినా నమ్ముతారు,” అన్నారు.

“చింపెయ్యండీ,” అన్నాను.

“చింపకూడదమ్మా. తప్పు కూడా కనపడాలి.” ఆ మాటల మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద ఏదో రాశారు. ఏం రాశారండీ అని అడిగితే చదివారు: ‘తప్పు నాది. పిల్ల తెలియక పాడింది. నేను పక్కింట్లో అడగలేదు.’

తెలిసే పాడానండీ, అనాలి. నోటిదాకా వచ్చింది. ఆయన నా తల నిమిరారు. మాట మింగేశాను. మర్నాడు ఆయన పడవెక్కి వెళ్ళిపోయారు, నా తప్పు తన పేరు మీద రాసుకుని.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా, రెండు దెబ్బలు వేసినా బావుండేది. అంతకుముందులాగే నూనె రాసి జడ వేసింది. కాకపోతే ఆవిడకి వల బాగుచేసేటప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీసే అలవాటు. ఆ రోజు తర్వాత నేను దడి దాటి వెళ్తే ఆ కూనిరాగం ఆగిపోయేది. నేను వెనక్కి వచ్చేస్తే మళ్ళీ మొదలయ్యేది. నాకు పెళ్ళయి కైకలూరు వెళ్ళిపోయేదాకా అంతే.

యాభై దాటాక, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఈ ముసలితనంలో ఎందుకే అని మా ఆయన ఎగతాళి చేశాడు. ఆ పుస్తకం ఎక్కడుందో నాకు తెలియదు, ఎప్పటికీ దొరకదు. అయినా ఎక్కడో ఒక కాగితం మీద ‘పిల్ల తెలియక పాడింది’ అని ఉంది. అది తప్పు. దాన్ని దిద్దడానికే ఇది రాస్తున్నాను. నేను తెలిసే పాడాను.

మొన్న నా మనవరాలు పల్లెపాటల మీద పరిశోధన చేస్తున్నానని టేప్‌రికార్డర్ తెచ్చి నా ముందు పెట్టింది. అమ్మమ్మా, చావు ఏడుపులేమైనా వచ్చా అని అడిగింది. మీట నొక్కకుండానే రాసుకోమన్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నాను: ఎవరూ నేర్పలేదు, దొంగతనంగా విన్నాను. ఎప్పుడు పాడతారు: పది రోజులు, కన్నతల్లి మాత్రమే. ఎప్పుడు పాడరు: ఆ తర్వాత ఎప్పుడూ పాడరు. మరి పాటో, అంది. పాట లేదు, అన్నాను.

అక్క పోయి ముప్పై ఏళ్ళయింది. మైనం కొల్లేట్లో కలిసింది. ఆ ఏడుపు తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఇప్పటికీ పొద్దున్నే మొహం కడుక్కోవడానికి నీళ్ళు నోట్లో పోసుకుంటానా, మొలతాడు గజ్జె దగ్గర్నుంచి మొత్తం నాలుక మీదకి వచ్చేస్తుంది. పుక్కిలించి ఉమ్మేస్తాను. మర్నాడు మళ్ళీ అక్కడే ఉంటుంది.