అమృతం కటింగ్ టేబుల్

టార్నీట్ తెలుగువాళ్లలో అమృతాన్ని టైలర్ అని ఎవరూ అనరు. "అమృతం ఆంటీకి ఇచ్చాం" అంటారు, అంతే. ఆమె ఏ కోర్సూ చెయ్యలేదు. నరసాపురంలో ఉండగా, ఒంటికి బాగా అమరిన పాత జాకెట్టు ఒకటి తీసుకుని, కుట్లన్నీ విప్పి, ముక్కలు పరిచి చూసుకుని నేర్చుకుంది. ఈ దేశం వచ్చాక గరాజ్‌లో మెషిన్ పెట్టుకుంది గాని, బట్ట కత్తిరించడం మాత్రం హాల్లో నేల మీదే. పోయిన చలికాలం నుంచి మోకాళ్లు సహకరించడం లేదు. నేల మీద కూర్చోవద్దని డాక్టర్ చెప్పింది. కూర్చోకపోతే పని సాగదు. వచ్చిన జాకెట్లను వెనక్కి పంపడం అప్పటికే మొదలైంది.

సన్‌షైన్ వెస్ట్‌లో కర్టెన్లు కుట్టే జూడీ అనే పెద్దావిడ షెడ్డు మూసేస్తోందని, ఆమె కటింగ్ టేబుల్ అమ్మకానికి ఉందని తెలిసింది. అమృతం వెళ్లి చూసొచ్చింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మొత్తం ఒకటే చెక్క. నిలబడితే సరిగ్గా నడుము ఎత్తుకు వస్తుంది. అక్కడే కొనేసింది.

శనివారం వెనక తొట్టి ఉన్న తన యూట్ బండిలో తెచ్చిపెడతానని చర్చిలో కలిసే కుర్రాడు స్టీవ్ మాటిచ్చాడు. తీరా ఆ పొద్దున అతన్ని డ్యూటీకి పిలిచారు. జూడీ ఆ సాయంత్రమే తాళాలు అప్పగించాలి, మిగిలిన సామాను చెత్తకు పోతుంది. ట్రైలర్ తగిలిద్దామంటే వీళ్ల చిన్న కారుకు వెనక కొక్కెం లేదు. చివరికి అమృతం భర్త జ్ఞానరాజు రెండు బిగింపు పట్టీలు, ఒక నైలాన్ తాడు కొని కారు తీశాడు.

షెడ్డు దగ్గర కారునూ చెక్కనూ మార్చి మార్చి చూసి జూడీ నవ్వింది. పక్క షెడ్డులో రంపం ఉందని, రెండు ముక్కలు చేస్తే కార్లోనే పడుతుందని చెప్పింది. జ్ఞానరాజు వెంటనే సరేనన్నాడు.

"ఇంటికెళ్లాక జాయింట్ చేయిస్తాలే అమృతం."

"ఆ జాయింట్ మీద శాటిన్ పరిచి మీరు కత్తిరిస్తారేంటండీ?"

అతుకు మీద సుద్ద గీత చెదురుతుంది. కత్తెర మొన అక్కడే తట్టుకుంటుంది. అది జూడీకి చెప్పనక్కర్లేకపోయింది. రంపం మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

కారు రంగు గీసుకుపోకుండా అమృతం ఇంటి నుంచి పాత సింథటిక్ చీర ఒకటి తెచ్చింది. దాన్ని మడతలు పెట్టి కారు పైన పరిచారు. పక్క షెడ్డు మనిషి చెయ్యి వేస్తే చెక్క పైకెక్కింది. తలుపులు తీసి, పట్టీలు కారు లోపలి నుంచి తిప్పి బిగించారు. గాలికి ముందు అంచు లేస్తుందని జ్ఞానరాజు తాడంతా ముందువైపే కట్టాడు. విప్పిన టేబుల్ కాళ్లు డ్రైవర్ పక్క సీటు మడిచి లోపల పెట్టారు. అమృతం అతని వెనక ఇరుక్కుని కూర్చుంది.

బౌండరీ రోడ్డు మీద గాలికి అడ్డం లేదు. లారీ పక్క నుంచి పోయిన ప్రతిసారీ కారు ఊగింది. పట్టీలు మోగుతున్నాయి. అమృతం అరచెయ్యి కారు కప్పుకు ఆనించి ఉంచింది. పైన చెక్క అదురు చేతికి తెలుస్తోంది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"మన పెళ్లిలో కూడా ఇంత మెల్లగా ఊరేగించలేదు," అన్నాడు జ్ఞానరాజు. అమృతం కప్పు మీంచి చెయ్యి తియ్యలేదు.

ముందు సిగ్నల్ ఎర్రబడింది. అతను బ్రేక్ నొక్కాడు. పైన జర్రుమని చప్పుడైంది. చెక్క అంచు ముందుకు జారి అద్దానికి నీడలా అడ్డం వచ్చింది.

సిగ్నల్ దాటగానే ఎడమ పక్కకు తీసి ఆపాడు.

"ఇక్కడే దించేద్దాం. ఇది ఎగిరి ఎవరి మీదన్నా పడితే?"

రోడ్డు పక్కన వదిలితే మళ్లీ వచ్చేసరికి ఉండదని ఇద్దరికీ తెలుసు. అలాగే తీసుకుపోదామని అనడానికి అమృతానికీ ధైర్యం చాలలేదు. దిగి చెక్క చుట్టూ తిరిగింది. ఒక పట్టీ వదులు చేయించి, చీర కొంగు పట్టి లాగింది. నీళ్లలోంచి లాగినట్టు చీర మొత్తం వచ్చేసింది. శాటిన్ కత్తిరించేటప్పుడు కదలకుండా కింద నూలు దుప్పటి వేసే మనిషి ఆమె.

"నాదే తప్పండీ. జారే బట్ట మీద పెట్టాను. కార్లో మ్యాట్లు తియ్యండి."

రబ్బరు మ్యాట్లను గరుకు వైపు పైకి ఉండేలా తిప్పి, చెక్క ఒక్కో వైపు లేపి కిందకు తోశారు. చెక్కను వెనక్కి నెట్టారు. మళ్లీ ముందుకు జారకుండా వెనక కూడా కట్టు కావాలి. ముందు కట్టిన తాడును రెండు ముక్కలు చెయ్యాలి, కొయ్యడానికి ఏమీ లేదు. జ్ఞానరాజు ఆమె సంచీ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. అందులో ఎప్పుడూ ఉండే బట్టల కత్తెరతో ఆమె ఇంట్లో కాగితం కూడా కొయ్యనివ్వదు. అతను ఒకసారి పాల ప్యాకెట్ కోస్తే వారం రోజులు మాట్లాడలేదు.

అమృతం కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది. అతను తాడు కోస్తుంటే రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. నైలాన్ సులువుగా తెగలేదు.

మిగిలిన దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆమె అరచెయ్యి మళ్లీ కప్పుకు ఆనించింది. పట్టీలు మోగుతూనే ఉన్నాయి, చెక్క మాత్రం కదల్లేదు.

ఇంటి ముందు స్టీవ్ యూట్ ఆగి ఉంది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడట.

"అంకుల్, మీ కారు రూఫ్‌కి చిన్న డెంట్ పడింది, చూశారా?"

"నీ పేరు రాయించుకుంటా దాని మీద," అన్నాడు జ్ఞానరాజు.

ముగ్గురూ చెక్క గరాజ్‌లోకి చేర్చి కాళ్లకు బిగించారు. అమృతం నూలు దుప్పటి పరిచి, దాని మీద ఒక శాటిన్ ముక్క వేసి కత్తెర ఆడించింది. నైలాన్‌కు మొద్దుబారిన మొన దగ్గర పోగు తెగకుండా లాగింది. జ్ఞానరాజు పక్కకు చూశాడు.

అమృతం సానరాయి తెచ్చుకుని, బల్ల దగ్గర నిలబడే కత్తెర నూరడం మొదలుపెట్టింది.