రానివాళ్ళ పేర్లు

మొన్న అటక దులుపుతుంటే పాత స్టీలు డబ్బా వెనకనుంచి నీలం అట్ట నోటుబుక్కు ఒకటి కిందపడింది. నాకు చదువు లేదు, సంతకం మటుకు చేస్తాను. అయినా ఆ అట్ట చూడగానే అది ఎవరిదో గుర్తొచ్చి, చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. నేను చెబుతుంటే మా అమ్మాయి ఇది రాస్తోంది. తనకు నచ్చనిది దాటేస్తుందేమోనని రాసినదంతా తిరిగి చదివించుకుంటున్నాను.

మా ఆయన పోయిన మరుసటి ఏడు, మద్రాసు మాధవరంలో మా మేడగదిలో ఆదివారం పొద్దునపూట అమ్మాయి కొంతమందిని కూర్చోబెట్టుకునేది. కంప్యూటర్ ఆటలు తయారు చేసుకునే ఇంజిన్ ఒకటి ఉందట, దాని లోపలి రాతంతా అందరికీ తెరిచే ఉంటుందట, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చునట, చెడితే ఎవరైనా బాగుచేయవచ్చునట. ఊరికే అనేసరికి నాకు అనుమానం వచ్చింది. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఊరికే వచ్చినదాని వెనక ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. జార్జి టౌన్‌లో మేమున్న ఇంట్లో అయిదు కాపురాలకూ ఒకటే రుబ్బురోలు, అదీ ఊరికేదే. కానీ కొత్తగా దిగినామెను మొదటిరోజే పిలిచి, ఒకరు పొత్రం తిప్పుతుంటే పిండి తోయమని ఆమె చెయ్యి అందులో పెట్టించేవాళ్ళు, ఆ తరువాత ఆమె కడగకుండా పోతే నిలదీసే హక్కు మాకు వచ్చేది. ఈ మాట చెబితే అమ్మాయి నవ్వి, మాదీ అలాంటి రోలేనమ్మా, కాకపోతే వచ్చినవాళ్ళు నిలవడం లేదు అంది.

నిజంగానే నిలవలేదు. ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారోనని నేను మెట్ల కింద చెప్పులు చూసుకునేదాన్ని. మొదట్లో కాలు పెట్టను చోటుండేది కాదు, ఆషాఢం వచ్చేసరికి ఆరేడు జతలు మిగిలాయి. ఇంకో నెల ఇట్లాగే పోతే మానేస్తానని అమ్మాయి అన్నం ముందర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ మిగిలినవాళ్ళలో ఒకామె ఉండేది, గుంటూరు వైపు మనిషి, షోళింగనల్లూరులో ఆఫీసు, నలభై దాటి ఉంటాయి. రెండు బస్సులు మారి వచ్చేది, మాట్లాడేది తక్కువ, మూల కూర్చుని ఆ నీలం పుస్తకంలో రాస్తూనే ఉండేది. రాసుకునేవాళ్ళంటే నాకు భయం, అట్లా మాట్లాడకుండా రాసుకునే మా మరిదే మా అత్తగారిచేత వేలిముద్ర వేయించుకొని ఇంట్లో మా వాటా పట్టుకుపోయాడు. ఒకరోజు ఆమె చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు పుస్తకం తెరిచి చూశాను. చదవలేను గానీ, అవి పేర్లని తెలుస్తూనే ఉంది, కొన్ని అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. వేలు పెట్టి పనిపిల్ల చేత నాలుగు చదివించాను. కొట్టేసిన నలుగురూ రావడం మానినవాళ్ళే! ఒక్కొక్కరినీ తన ఆఫీసుకు లాక్కుపోతోందని నాకు రుజువైపోయింది.

ఆ పుస్తకం చేత పట్టుకునే ఆమెను మెట్ల మీద ఆపేశాను. "ఏమ్మా, మా పిల్లోళ్ళ పేర్లు ఎవురికి మోస్తా ఉండావు? ఈడ సదువురాని ముసిల్ది ఉంది, దానికేం తెలస్తాదిలే అనుకున్నావా?"

"అయ్యో, అదేం కాదండీ అత్తయ్యా..."

"నీ అండీలు గిండీలు నాకొద్దు, పో మా!"

ఆమె పుస్తకం నా చేతిలోనే వదిలి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయింది.

మూడు ఆదివారాలు ఆమె రాకపోతే అమ్మాయి అడిగింది, నేను గొప్పగా చెప్పి పుస్తకం ఇచ్చాను. తను మెట్ల మీద కూర్చుని చదువుకుంది, తరువాత నాకు వినిపించింది. కొట్టేసిన ప్రతి పేరు పక్కనా ఎందుకు రాలేదో రాసి ఉంది. ఆటలో నీడ సరిగా పడటం లేదని అడిగాడు, ఎవరూ బదులు చెప్పలేదు, మళ్ళీ రాలేదు. చిన్న తప్పు దిద్దుతానంది, పని చూపించలేదు, మళ్ళీ రాలేదు. పేజీ పేజీకీ అంతే. రాసినవాటిలో ఆఖరున, అత్తయ్యకు మోకాళ్ళ నొప్పి, కాఫీ పైకి తేనివ్వకూడదు, మనమే దిగాలి అని ఉంది. అమ్మాయి పుస్తకం నా ఒళ్ళో పెట్టి పైకి పోయింది. తిట్టినా బాగుండేది.

మరునాడే డబ్బానిండా దోసెపిండి పట్టుకొని షోళింగనల్లూరు పోయి, వాళ్ళ ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె వచ్చి, "ఇంత ఎండలో ఏంటండీ అత్తయ్యా!" అని డబ్బా అందుకుంది. పుస్తకం చాపితే మాత్రం పుచ్చుకోలేదు. "అది అక్కడే ఉంచండి. రానివాళ్ళని మీరు కనిపెట్టండి" అంది. తరువాత డబ్బా కడిగి ఎవరిచేతనో పంపింది, అడుగున చారెడు పంచదార పోసి. తను మటుకు రాలేదు.

ఆ పేర్లన్నిటికీ అమ్మాయి ఫోన్లు చేసింది. సగంమంది తిరిగొచ్చారు, వచ్చినవాళ్ళకు ఆ రోజే చేతిలో ఏదో ఒక పని పెట్టారు. ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో చేరి అది చాలా పెద్దదయిందట, అందరూ ఫోన్లోనే చిన్న చిన్న గళ్ళలో కనబడతారు, మా మెట్లు శుభ్రంగా ఉంటున్నాయి. ఒకరు మానుకుంటే మెట్లకు తెలిసేది, ఆ గళ్ళకు తెలుస్తుందా అని నాకు అనుమానం; పోయినవారం మాట్లాడినాయన ఏడీ అంటే, ఎంతమందిని చూడనమ్మా అంటుంది అమ్మాయి.

నోటుబుక్కులో ఆఖరి పేజీ ఖాళీగా ఉంది. ఇందాక అందులో ఆమె పేరు రాయించాను. ఎందుకు రాలేదు అన్నచోట అమ్మాయి కలం ఆగిపోతే, నా పేరు రాయమన్నాను.