బొట్టు కింద రోబో

నల్లగొండ శివారు కాలేజీలో అటెండరు బక్కయ్య రెండేళ్లుగా ఒక రోబోకు కాపలా కాస్తున్నాడు గానీ, దాన్ని ఒక్కనాడూ చూడలేదు. అది నువ్వుగింజలో నూరో వంతేనట. ఎక్కడ ఎగిరిపోతుందోనని ఊపిరి బిగబట్టి గది ఊడుస్తాడు. తుమ్మొస్తే చీపురు వదిలి వరండా చివరికి పరుగెత్తుతాడు.

దసరా సెలవులకు ముందు ఆయుధపూజ చేస్తూ ఫ్యానుకు, బీరువాకు, మైక్రోస్కోపుకు బొట్లు పెట్టాడు. రోబో ఉండే గాజుపలక, పలుచని పూతతో ఏడురంగుల్లో మెరుస్తుంటే వదల బుద్ధికాక, దాని నడుమా ఒకటి పెట్టాడు. పరిశోధన చేసే హరిత అది చూసి కొయ్యబారింది. మర్నాడు పరీక్షకుల ముందు రోబోను నడిపించకపోతే ఆమె నాలుగేళ్ల చదువు నీళ్లపాలే.

“కాకా, రోబో ఏది?”

“గాజు మీదనే ఉంటది గద మేడం. నేను ముట్టలే, బొట్టే పెట్టిన.”

“ఆ బొట్టు కిందనే ఉన్నది!”

“బొట్టు కింద పట్టేదానికి గింత పెద్ద గదెందుకు మేడం?”

హరిత మైక్రోస్కోపును తెరకు కలిపి, రోబోను నడిపే అయస్కాంతం తిప్పింది. తెర నిండా ఎర్రటి బండలు. వాటిని నెట్టుకుంటూ ఆరుకాళ్ల రోబో మెల్లగా బయటికొచ్చింది. హరిత ఊపిరి పీల్చుకుంది. బక్కయ్య మాత్రం దాన్ని తేరిపార చూసి, బెంగగా అడిగాడు:

“నడుస్తాంది గద మేడం... రెండేండ్ల సంది దీనికి తిండెవరు పెడుతున్నరు?”