సారత్త ఫోన్ ప్రార్థన

పక్కింటి సారత్త ఇప్పటికీ పొద్దున్నే నాకు వాట్సాప్‌లో ప్రార్థన రికార్డు చేసి పంపుతుంది. ఆ గొంతు వెనకాల కుట్టుమిషన్ చప్పుడు వినగానే చిన్నతనం గుర్తొస్తుంది.

తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ దవాఖానలో ఉంటే, నన్ను సారత్త దగ్గర ఉంచారు. ఆమె రోజూ నెక్కొండలోని వాళ్లక్కతో ఫోన్‌లోనే ప్రార్థన చేసి, "ఆమెన్" అని కట్ చేసేది. ఫోన్ పెట్టేసే ముందు అలా అనాలి కాబోలు అనుకున్నాను.

ఒక సాయంత్రం బాపు ఫోన్ చేశాడు.

"తమ్ముడు ఏడుస్తలేడు బిడ్డా. అద్దాల పెట్టెల పెట్టిండ్రు."

ఏడవకపోతే మంచిదే కదా అనిపించింది. "సరే బాపు, ఆమెన్" అని కట్ చేశాను.

వెంటనే మళ్లీ మోగింది. ఈసారీ బాపే. "ఫోన్ అత్తకియ్యి."

ఆమె స్పీకర్ పెట్టింది.

"చెల్లె, నీ ప్రభువుకు మా పోరని గురించి గూడ జర చెప్పవా?"

దుకాణంలో లక్ష్మీదేవికి అగరబత్తి వెలిగించందే షట్టర్ ఎత్తని మనిషి మా బాపు. సారత్త మిషన్ ఆపి, కళ్లు మూసుకుని, కన్నకొడుకు కోసం అడిగినట్టే అడిగింది.

తెల్లారి తమ్ముడు గట్టిగా ఏడ్చాడు. బాపు నానమ్మకంటే ముందు సారత్తకే ఫోన్ చేసి ఆ ఏడుపు వినిపించాడు. వింటూ ఆమె కూడా ఏడ్చింది. మా ఇంటి బిడ్డ కోసం అలా ఏడ్చే మనిషి పక్కింట్లోనే ఉండటం ఎంత భాగ్యమో పెద్దయ్యాక తెలిసింది.