బాబాయిగారు చెప్పేసిన మడుగు

ఎదురింటి బాబాయిగారు పోయారని పిన్నిగారు మా గేటు దగ్గరికి వచ్చి చెప్పేసరికి, నేను ఆయన అర్జీని నాలుగోసారి శుభ్రంగా రాస్తున్నాను. నిద్రలోనే పోయారట. పెన్నుకు మూత పెట్టి పరుగెత్తాను. కాగితం అడుగున ఆయన సంతకానికని వదిలిన చోటు ఖాళీగా ఉండిపోయింది.

ఆయన కాలువ లస్కరుగా చేసి రిటైరయ్యారు. తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కూడా కాలువను వదల్లేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా మార్చుకుని, వెదురు గాలం భుజాన వేసుకుని మిర్చి చేల మీదుగా వెళ్ళిపోయేవారు. మా ఇంట్లో చేప వండం. అందుకని నాకు గట్టు మీది పొన్నగంటి కూర కోసుకొచ్చేవారు. వేళ్ళు తుంచి, మట్టి కడిగి, కట్ట కట్టి మరీ ఇచ్చేవారు.

చిన్న చేప పడితే చెయ్యి తడుపుకునే పట్టుకుని నీళ్ళలో వదిలేవారు. "పొడి చేత్తో ముట్టుకుంటే దాని ఒళ్ళు కాలుద్దమ్మా" అనేవారు. ఆ మాట విన్నాక మా మనవరాలికి స్నానం చేయించేటప్పుడు కూడా నా చేతులు ముందు తడుపుకోవడం అలవాటైంది.

మొన్న చలికాలంలో మత్స్యశాఖకు కొత్త కమిషనరు వచ్చారని పేపర్లో పడింది. చేపలు పట్టేవాళ్ళ మాట కూడా వింటాననీ, అర్జీలు పంపమనీ ఆయన అన్నారట. ఆ సాయంత్రం గాలాల వాళ్ళంతా బాబాయిగారి వరండాలో చేరారు.

"ఇంకేముంది, మన గాలాలక్కూడా లైసెన్సు పెడతాడు" అన్నాడు ఆటో నడిపే అబ్బాయి.

"పెట్టనీరా. నీకెప్పుడన్నా చేప పడితే గదా, లైసెన్సు అడిగేది" అన్నారు టైలరు గారు. అందరూ నవ్వారు.

"ఇదివరకటి కమిషనరు మన కాలవ మొహం చూశాడా? ఈయన చూస్తాడా?" అన్నారు ఇంకొకరు.

బాబాయిగారు గాలం దారానికి బెండుగా నెమలి ఈక కాడ కట్టుకుంటూ తల ఎత్తకుండా అన్నారు: "ఒరేయ్, కొత్త నీళ్ళొచ్చినప్పుడు ముందు చెత్తే కొట్టుకొస్తది. నాలుగు రోజులాగితే తేరుకుంటది. అడగందే ఎట్టా?"

అడగవలసింది చాలా ఉంది. అర్జీ రాయడం నా వంతైంది. వరసగా పది అంశాలు రాసి తెచ్చాను. ఆయన చివరిదాకా విని, "పది అడిగితే ఒక్కటీ ఇయ్యరమ్మా. ఒకటే అడుగు" అన్నారు.

తొమ్మిది కొట్టేశాను. మిగిలిన ఆ ఒక్కటీ ఇది. వేసవిలో కాలువ కట్టేశాక, తూముల కింద మడుగుల్లో కాసిని నీళ్ళు మిగులుతాయి. కాలువలోని చేపలన్నీ అక్కడికే చేరతాయి. ఏటా ఎవరో ఒకరు వచ్చి బ్లీచింగు చల్లో, వల లాగో గుడ్డుతో సహా ఊడ్చుకుపోతారు. ఒక్క మడుగునైనా మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఎవరూ ముట్టకుండా చూడాలి.

"ఏ మడుగు?" అని అడిగాను. గాలం వేసేవాడు తన చోటు ఎవరికీ చెప్పడు. ఎక్కడ పట్టావంటే "నీళ్ళల్లో" అంటాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బాబాయిగారు నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. నా రాతకు అడ్డంగా, వంకర అక్షరాలతో రాశారు: 'రెండో తూము కింద, పాత మోటారు షెడ్డు ఎదర మడుగు. కొర్రమీను గుడ్డు పెట్టుద్ది.'

"ఓరి నాయనో! ఇన్నేళ్ళూ అక్కడా పట్టేది!" అన్నారు టైలరు గారు.

పిన్నిగారు గుమ్మంలోంచి, "నాక్కూడా చెప్పలేదు గదయ్యా" అన్నారు.

"నేనెన్నాళ్ళు కాపలా కాస్తానే? తెలిస్తే నలుగురూ కాస్తారు" అన్నారాయన.

కొట్టివేతలతో ఉన్న కాగితం పై అధికారికి ఎలా పంపుతామని, శుభ్రంగా రాస్తానన్నాను. ఒకసారి మార్జిను కుదరలేదు. ఒకసారి సిరా అలికింది. ఇంకోసారి ఒక పేరు తప్పింది. "ఉన్నది పంపెయ్యమ్మా, చేపలు చదవ్వుగా" అన్నారాయన. నేను వినలేదు. మూడు వారాలు గడిచిపోయాయి.

భూస్థాపన అయ్యాక, పాస్టరు గారి ప్రార్థన చెవుల్లో ఉండగానే ఇంటికి వచ్చి నా శుభ్రప్రతిని చించేశాను. ఆయన చేతిరాత ఉన్న ఆ చిత్తుకాగితాన్నే, కొట్టివేతలతో సహా, అందరి చేతా సంతకాలు పెట్టించి రిజిస్టరు పోస్టులో పంపాను. ఇంతవరకు జవాబు రాలేదు.

పోయిన వారం కాలువ కట్టేశారు. పిన్నిగారు చూడాలంటే తోడు వెళ్ళాను. బాబాయిగారి చోటు ఇప్పుడు అందరికీ తెలుసు. గాలాల వాళ్ళంతా మాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఒక్కరి చేతిలోనూ గాలం లేదు. వల దిగకుండా మడుగు నిండా తుమ్మకంప నరికి వేస్తున్నారు. ఆటో అబ్బాయి చేతులు ముళ్ళు గీసుకుని రక్తం కారుతున్నాయి. టైలరు గారు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ఒడ్డున బురదలో చిక్కిన ఒక పిల్లచేపను చూశారు. వంగి, ముందు చెయ్యి తడుపుకున్నారు.